లూకా పేరు వచ్చేసరికి

పాస్టరు గారి ముందు టీపాయి మీద అమ్మ రోజ్ షర్బత్ గ్లాసు పెట్టింది, పెట్టి అందులో ఒక స్ట్రా కూడా వేసింది, ఈ ఇంట్లో స్ట్రాలు ఎక్కణ్ణించి ఊడిపడ్డాయో నాకు తెలీదు, అంత పెద్దమనిషి గ్లాసెత్తి తాగలేడా, ఎర్రటి షర్బత్‌లో ఆ స్ట్రా కాస్త పక్కకి వాలి నిలబడింది, చూడలేక కళ్ళు మూసుకున్నాను. నెత్తిన చున్నీ ఉంది కాబట్టి భక్తి అనుకుంటారు. ఫ్యాను గాలంతా మగవాళ్ళ కుర్చీలవైపే పోతోంది, చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళం ఈ ఏప్రిల్ ఉక్కలో ఉడికిపోతున్నాం, వంటింట్లోంచి బిర్యానీ వాసన, పొద్దున్నే నాన్న యాప్రాల్ నించి రెండు బస్సులు మారి మోండా మార్కెట్ దాకా వెళ్ళి కొత్తిమీరా పుదీనా తెచ్చాడు, ఇక్కడ దొరకవన్నట్టు. కృతజ్ఞత కూటం. నా కోసమే, ప్రభుదాసు మాస్టారి కూతురు మేబెల్ ఒంటరిగా బ్యాంకాక్ వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చినందుకు. వద్దు నాన్నా అని మొత్తుకున్నాను. ఊటీ వెళ్ళొచ్చినవాళ్ళే పెట్టించుకుంటున్నారు, విమానమెక్కి వచ్చినదానివి, పెట్టించకపోతే ఏం బావుంటుందమ్మా అన్నాడు. ఆయన సంఘ పెద్ద, ఆయన మాటకి తిరుగులేదు. గుమ్మంలోనే సలోమి ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "ఏందమ్మా గిట్ల చిక్కిపోయినవ్? ఆడ తిండి దొరకలేదా? జెర చెప్తే మా ఆలిస్‌ని తోడు తోలుదుము గద," అంది. నవ్వాను. వచ్చిన దగ్గర్నించీ నవ్వుతూనే ఉన్నాను, దవడలు నొప్పెడుతున్నాయి.

పాట అయిపోయింది, వాక్యం అయిపోయింది, ఇప్పుడు గొలుసు ప్రార్థన, ఒకరు ఆపగానే పక్కవాళ్ళు అందుకోవాలి, మధ్యలో తెగకూడదు. పాస్టరు ఏసురత్నం గారు ప్రార్థన అంశాలు పంచుతున్నారు, పెళ్ళి భోజనంలో స్వీటు వడ్డించినంత శ్రద్ధగా, ఎవరికి ఏది సరిపోతుందో చూసుకుని మరీ. దేశం కోసం ప్రభుదాసు గారు. రైల్వేలో చేసి రిటైరైన తాతారావు గారు సంఘం కోసం. సలోమి ఆంటీ రోగుల కోసం, ఆలిస్ పరీక్షలు రాసే పిల్లల కోసం, రోసమ్మ గారు, అంటే మా అమ్మ, కుటుంబాల కోసం. "మేబెలమ్మా, నువ్వు మీ అన్నయ్య లూకా కోసం చెయ్యి తల్లీ. నువ్వూ ఆ బాబున్న దేశమే వెళ్ళొచ్చావు, భారంతో చేస్తావు." నాకు లూకా వచ్చాడు. లూకా చచ్చిపోయాడు పాస్టరు గారూ. రెండేళ్ళ కిందటి వానల్లో, జ్వరంతో, కాలవ పక్కన ఒక గదిలో. ఈ హాల్లో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు, చెబుదామని వచ్చిన రోజు నించీ చూస్తున్నాను, కాఫీ ఇచ్చినప్పుడు చెబుదామని, అన్నం తిన్నాక చెబుదామని, ఈ కూటం కానిచ్చి చెబుదామని. ఇదిగో, కూటంలోనే పట్టుకున్నారు నన్ను.

నాన్న మొదలుపెట్టాడు, పరిశుద్ధుడవైన తండ్రీ అని, ముందు ప్రపంచం, తర్వాత ఢిల్లీ, తర్వాత మన రాష్ట్రం, జిల్లాల దాకా వస్తాడు, హెడ్మాస్టరుగా చేసినాయన కదా, అసెంబ్లీలో నిలబెట్టిన పిల్లల్లాగా దేవుణ్ణి కూడా నిలబెడతాడు. సమయం ఉంది. నేను చాప అంచు పట్టుకుని కూర్చున్నాను, అయినా ఒళ్ళంతా ఊగుతోంది, ఇప్పటికీ ఆ పడవలోనే ఉన్నట్టుంది, బ్యాంకాక్‌లో కాలవ మీద సిటీ బస్సుల్లాగా పడవలు తిరుగుతాయి, ఆ ఇంజను మోత చెవిలోంచి పోవడంలేదు. నల్లటి నీళ్ళు, మన మూసీ వాసనే, పక్క నించి ఇంకో పడవ వస్తే నీళ్ళు ఎగజిమ్ముతాయి, జనం చప్పున తాడు లాగి ప్లాస్టిక్ పట్టా పైకెత్తుతారు, ఎవరి ముఖంలోనూ ఏ చికాకూ ఉండదు, టికెట్లిచ్చే ఆమె హెల్మెట్ పెట్టుకుని పడవ బయటి అంచు మీద నడుచుకుంటూ వస్తుంది, వంతెన కిందికి పోయేటప్పుడు పడవ కప్పు కిందికి దించుతారు, దాంతో పాటు ఆమె కూడా వంగుతుంది. మొదటి రోజు పడుతుందేమోనని నా ప్రాణం పోయింది. తర్వాత అలవాటైపోయింది. ప్రతి రేవులోనూ దిగాను, వీపు మీద జనరల్ బజార్లో కొన్న బ్యాగు, చేతిలో లూకా ఫోటో, పాస్‌పోర్టుకి తీయించుకున్నది, చెవులు రెండూ కనపడేట్టు బిగుసుకుని కూర్చున్న ఫోటో. బేగంపేటలో మా ఆఫీసులో బ్యాంకాక్ అనగానే రామభద్రరావు గారు కళ్ళద్దాల మీంచి చూసి, ఆడవాళ్ళకేముందమ్మా అక్కడ చూడ్డానికి అన్నాడు, పక్కసీటు వాడు నవ్వాడు. టూర్ అన్నాను. ఇంట్లో కూడా టూరే. నిజం చెబితే అమ్మ ఆశ పెట్టుకుంటుంది, ఆ ఆశని మళ్ళీ నేనే వట్టి చేతులతో మోసుకు రావాలి.

నేను పడుకున్న చోట బంకు మంచాలు, కింద జడలు అల్లించుకున్న తెల్లపిల్ల, దానికి ఇరవయ్యేళ్ళు ఉంటాయేమో, అది లోకం చూడ్డానికి వచ్చింది. నువ్వు దేనికొచ్చావు అంటే నేనూ దానికే అన్నాను. చూశాను కూడా, చూడలేదంటే పాపం. బంగారు గోపురాలు చూశాను, నిప్పుల మీద మాంసం పుల్లలు కాల్చే సందులు చూశాను, ఆఫీసులు వదిలే వేళకి ఒక్కసారిగా రోడ్డు మీద పడే జనాన్ని చూశాను, అందులో ఒక్కడికి కూడా నేనెవరో తెలీదు, ప్రభుదాసు మాస్టారి కూతురా, పెళ్ళెందుకు కాలేదమ్మా అని అడిగే నాథుడు లేడు. బిడ్డని పోగొట్టుకున్న ఇంటి నించి వెతకడానికి వచ్చి, ఒక సాయంత్రం నది మీద గాలికి జుట్టు విప్పుకుని నిలబడి, హాయిగా ఉంది అనుకున్నాను. సంతోషపడ్డాను. ఆ ఊళ్ళో లూకా ఎందుకు ఉండిపోయాడో అప్పుడు కొంచెం అర్థమైంది. స్కూల్లో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళాడు, రెండేళ్ళన్నాడు, ఆ స్కూలు మూతపడింది, కాగితాల గడువు అయిపోయింది, వట్టి చేతులతో రావడానికి సిగ్గుపడ్డాడు, ఫోన్లు నెలకోటి, పండక్కోటి, తర్వాత లేవు. చివరిసారి నేనే ఎత్తాను. "పడవ దిగితే ఎదురుగానే గుడి మేబూ, గుడి నిండా పిల్లులే, నా గదిలోకి కూడా వస్తాయి," అన్నాడు. నా దగ్గరున్న అడ్రసు అంతే, పిల్లుల గుడి.

నాన్న జిల్లాలు ముగించాడు, తాతారావు గారు అందుకున్నారు. ఆయన గొంతు రైల్వే అనౌన్సుమెంటులా సాగుతుంది, మందిరం పైకప్పు దగ్గరున్నారు, సిమెంటు కోసం అడుగుతున్నారు. అడగడం. మా వాళ్ళకి ప్రార్థనంటే ఎన్ని ఉన్నా చివరికి అడగడమే, బతికున్నవాళ్ళ కోసం అడుగుతాం, పోయినవాళ్ళ కోసం అడగం. నాయనమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో, ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అలవాటుగా నాయనమ్మని చల్లగా చూడు ప్రభువా అన్నాను. నాన్న మధ్యలో ఆపేశాడు. "పోయినవాళ్ళ కోసం అడగకూడదమ్మా మనం. ఆవిడ ఆయన దగ్గరే ఉంది, ఇంకేం అడుగుతావు? ఇన్నాళ్ళు ఇచ్చినందుకు స్తోత్రం చెప్పు, చాలు." చెప్పాను. మర్నాటి నించి నాయనమ్మ పేరు లేదు, రోజూ ఉండే పేరు, వరసలో నాన్న తర్వాత వచ్చే పేరు, పన్ను ఊడినచోట నాలుక పోయినట్టు అక్కడికొచ్చి ఆగిపోయేదాన్ని. పక్క చాప మీంచి లూకా నా చెవిలో, "నేను మనసులో అడిగేశాలే," అన్నాడు. నాకంటే రెండేళ్ళే పెద్ద. ఆ మాటతో నాకు నిద్ర పట్టింది.

అందుకే, అమ్మ నోట్లో లూకా పేరు ఉందంటే లూకా ఉన్నట్టు. రోజూ రాత్రి, ఎక్కడున్నాడో నీకు తెలుసు తండ్రీ, వేళకింత తిండి పెట్టు, మంచి మనుషుల మధ్య ఉంచు, ఇంటికి తోలుకురా. ఒక్క రోజు మానలేదు, ఒళ్ళు కాలే జ్వరంలో కూడా. మోండా మార్కెట్ వెనక అద్దె ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చినప్పుడు ఫోన్ నంబరు మారుతుందని గోల చేసింది, వాడికి పాత నంబరే తెలుసు కదా అని. ఇప్పటికీ ఆదివారం చర్చి అయ్యాక ఎండలో బస్సులు మారి ఆ సందులోకి నడిచి, ఇంటి ఓనరు నాంచారమ్మ గారిని ఆ పాత నంబరుకి ఎవరన్నా ఫోన్ చేశారా అని అడిగి వస్తుంది. ఆవిడ కూడా ఓపిగ్గా, లేదండీ, చేస్తే నేనే కబురు చేస్తాగా అంటుంది. నేను నోరు విప్పితే ఆ నడక ఆగిపోతుంది. మంచిదే కదా, మోకాళ్ళు బాగాలేని మనిషి. కానీ రాత్రి ప్రార్థనలో ఆ చోటికి వచ్చి అమ్మ ఏం చేస్తుంది, ఒకసారి స్తోత్రం చెప్పి, ఆ పైన?

"ప్రభువా, గాంధీ ఆస్పత్రిల ఉన్నోళ్ళను ముట్టు తండ్రీ," సలోమి ఆంటీ షురూ చేసింది, రోగుల్ని పేరు పేరునా పిలుస్తోంది, ఆవిడకి అందరి రోగాలూ తెలుసు, షుగర్లు, గుండెలు, మోకాళ్ళు, తక్లీఫ్ లేని ఇల్లే లేదు ఆవిడ ప్రార్థనలో. జ్వరాలు అంది. వానల్లో జ్వరం. గుడి దొరికింది చివరికి, తిరిగి తిరిగి విసిగి, ఇక రేపు ఇంటికి పోదాంలే అనుకున్న పూట, రేవు మెట్లు ఎక్కుతుంటే గోడ మీద ఒక పిల్లి, అరుగు మీద మూడు, చెప్పుల్లో పడుకుని ఒకటి. ఎదురుగా నూడుల్స్ బండి. ఫోటో చూపించాను. ఆమె గరిటె పక్కన పెట్టింది, ఫోటో చూసింది, నా చెవులు చూసింది, మా ఇద్దరివీ ఒకే చెవులు. "టీచర్," అంది. నా గుండె ఎగిరింది, అంతకుముందు ఎప్పుడూ అలా ఎగరలేదు. "టీచర్ ఫినిష్," అంది. తర్వాత ఆమె మేనకోడలు వచ్చింది, బ్యాంకులో పనిచేస్తుందట, లూకా దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంది, కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. జ్వరమని తెలిసినా ఆస్పత్రికి రానన్నాడట, కాగితాల్లేవు, పట్టుకుని జైల్లో పెడతారని భయం, నాలుగో రోజు తలుపు తట్టినా తీయలేదు. ఆ పిల్ల ప్రతి మాట చివరా యు సీ, యు సీ అంటోంది. అది మా నాన్న అలవాటు. నాన్న లూకాకి నేర్పింది, లూకా ఆ పిల్లకి నేర్పింది, నాన్న గొంతే నాకు లూకా చావు చెబుతోంది. అప్పుడు ఏడ్చాను.

పూడ్చలేదు లూకాని. కాల్చారు. మా సంఘంలో ఇది చెబితే సగం మంది ముఖాలు ఎలా మారిపోతాయో నాకు తెలుసు, సమాధి లేదా, రాయి లేదా, నవంబరులో సమాధుల పండక్కి సున్నం వేసి పూలు పెట్టడానికి కూడా లేదా. మన ఆచారం ఎవరికి తెలుసు పాపం, ఊరుగాని ఊళ్ళో పరాయి మనిషిని ఆ నూడుల్స్ ఆమె తన వాళ్ళకి చేసినట్టే చేయించింది, ఆ గుడి ప్రహరీ గోడలో చిన్న చిన్న గూళ్ళు ఉంటాయి, ఒక్కో గూట్లో ఒకరి బూడిద, పైన ఒక చిన్న ఫోటో. వరసగా ముసలమ్మలు, తాతలు, వాళ్ళ మధ్య చామనఛాయ ముఖంతో మా లూకా, నవ్వుతున్నాడు, నా దగ్గరున్న ఫోటోలోలాగా బిగుసుకుని లేడు. గూటి ముందు ఎర్రటి సోడా సీసా, మూత తీసి, అందులో స్ట్రా. అక్కడ అలా పెడతారట పోయినవాళ్ళకి, దాహం వేస్తుందని. ఆమె ప్రతి వారం కొత్త సీసా పెడుతోంది రెండేళ్ళుగా. నేను సంఘ పెద్ద కూతుర్ని, సండే స్కూల్లో పదేళ్ళు పిల్లలకి విగ్రహాలకి పెట్టినవి తినకూడదని చెప్పినదాన్ని, మర్నాడు వెళ్ళి ఒక సీసా కొని, మూత తీయించి, స్ట్రా వేసి, నా చేత్తో అక్కడ పెట్టాను. అమ్మ కట్టిచ్చిన నువ్వుండల డబ్బా బ్యాగులో ఉంది, నేను నువ్వుండలు తినను, చిన్నప్పటి నించీ తినను, అవి లూకాకి ప్రాణం, ఇది నాకెందుకు కట్టిందని బేగంపేటలో విమానం ఎక్కేముందు విసుక్కున్నాను కూడా. రెండు ఉండలు తీసి సీసా పక్కన పెట్టాను. ఒక పిల్లి వచ్చి వాసన చూసి వెళ్ళిపోయింది. తినరా అన్నయ్యా అన్నాను, పైకే అన్నాను, ఎవరూ లేరు.

ఆలిస్ గొంతు సన్నగా, భయంగా, హాల్ టికెట్లు పోకుండా చూడు ప్రభువా అంటోంది. ఆలిస్ తర్వాత అమ్మ, అమ్మ తర్వాత నేను. ఏమంటాను. రెండే దారులు. లూకా అన్నయ్యని మాకు ఇచ్చినందుకు స్తోత్రం అనొచ్చు, చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు, ఈ హాల్లో అందరికీ ఆ భాష తెలుసు, బతికున్నవాళ్ళని అలా అనం, నాన్న అక్కడే కుర్చీలో కళ్ళు తెరుస్తాడు. లేదా ఎక్కడున్నా చల్లగా చూడు అని అమ్మలాగే అడగొచ్చు. అంటే ఈ రోజు నించి రోజూ. అంటే దేవుడి ముఖం మీద అబద్ధం, ఆయనకి తెలిసిన సంగతే ఆయనకి తెలియనట్టు. నాకు కోపం వస్తోంది. పాస్టరు మీద, ఈ అంశాలు పంచిన మనిషి మీద. నాన్న మీద, ఏడేళ్ళ పిల్ల నోరు మూయించినందుకు. లూకా మీద అందరికంటే ఎక్కువ, జైల్లో పెడితే పెట్టేవాళ్ళు, పెట్టి ఇంటికి పంపేవాళ్ళు, సిగ్గట సిగ్గు, ఎవరి ముందురా నీకు సిగ్గు, ఈ షర్బత్ తాగే పెద్దమనుషుల ముందా.

అమ్మ కుటుంబాల కోసం చేస్తోంది. తడబడకుండా, కూరగాయలు బేరమాడే గొంతుతోనే. విడిపోయిన మొగుడూ పెళ్ళాల కోసం, తాగే కొడుకుల కోసం, ఒంటరి ఆడపిల్లల కోసం, అక్కడ నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆగింది. నా వంతు. ఫ్యాను శబ్దం వినపడుతోంది. వంటింట్లో కుక్కరు మూత ఎవరో సర్దారు. తండ్రీ అన్నాను. అంతే, నోరు తెరిచే ఉంది, గాలి మాత్రమే వస్తోంది. గొలుసు తెగింది. చాపల మీద కదిలారు, ఎవరో దగ్గారు, పాస్టరు గారు సాయానికి హల్లెలూయా అన్నారు. చెప్పేద్దాం, స్తోత్రం అనేద్దాం, స్తోత్రం అన్న మాట పెదాల దాకా వచ్చింది, అమ్మ వేళ్ళు నా మోకాలిని పట్టుకున్నాయి, గోళ్ళు దిగేంత గట్టిగా.

"ప్రభువా, నా కొడుకు లూకా," అంది అమ్మ. నా వంతు అమ్మ లాక్కుంది. "ఎక్కడున్నాడో నీకు తెలుసు తండ్రీ. వేళకింత తిండి పెట్టు. మంచి మనుషుల మధ్య ఉంచు." ఇంటికి తోలుకురా అనలేదు. ఆ ఒక్క మాట వదిలేసింది. అందరూ ఆమెన్ అన్నారు, నాన్న అందరికంటే గట్టిగా అన్నాడు, ఎప్పటిలాగే, ఏమీ గమనించకుండా. నేను కళ్ళు తెరిచాను. అమ్మ కళ్ళు మూసే ఉన్నాయి, చెయ్యి తీయలేదు.

జనం లేచి చాపలు మడుస్తుంటే వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ ప్లేట్లు తుడుస్తోంది. అరలో, ఉప్పు జాడీ పక్కన, నువ్వుండల డబ్బా ఉంది, నా బ్యాగు సర్దింది అమ్మే, తీసి అక్కడ పెట్టింది అమ్మే, ఆ రోజు నించీ ఒక్క ప్రశ్న అడగలేదు, బ్యాంకాక్ ఎలా ఉందని కూడా అడగలేదు.

"అమ్మా," అన్నాను.

"డబ్బా తెరిచి చూశాను, రెండు ఉండలు తక్కువున్నాయి," అంది, ప్లేటు మీంచి తలెత్తకుండా. "నువ్వు తినవుగా, వాడి కోసమే కట్టాను. వాడు కనపడి ఉంటే డబ్బా తిరిగొచ్చేది కాదు. కనపడకపోతే వచ్చిన రోజే కనపడలేదని చెప్పేదానివి."

"అమ్మా, అన్నయ్య..."

"మీ నాన్నకి చెప్పకు." ప్లేట్లు నా చేతుల్లో పెట్టింది, ఒకటి, ఇంకొకటి. "నాకూ చెప్పకు మేబూ. నువ్వు చెబితే ఇంక అడగకూడదు కదా."

అమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని బిర్యానీ మూత తీసింది, ఆవిరికి కళ్ళు చికిలించింది.

"పద, ఆకలితో ఉన్నారు అందరూ," అంది.